వేణువు తగ్గలేదు, నాన్నా తగ్గలేదు

అమ్మా,

రెండు దేశాల మైత్రీచరిత్రలో చిరస్థాయిగా నిలవవలసిన ఘట్టాన్ని ఈ కార్డు ముక్కలో ఇరికిస్తున్నందుకు ఇరు ప్రభుత్వాలనూ, దారిలో దీన్ని చదివేస్తున్న పోస్టుమాన్‌గారినీ శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను.

నాన్న క్షేమం. ఆయన గొంతూ క్షేమం. మైత్రికే నిన్న పొద్దున ప్రాణం మీదికొచ్చింది. నాన్న పాటకు ఇక్కడి పెద్దాయన వేణువు వాయించాలి. ఆ వేణువు శ్రుతి నాన్న శ్రుతికన్నా కాస్త కింద. వేణువును పెంచడం కుదరదు. "అయితే నేనెందుకు తగ్గాలిరా? దేశం పరువు!" అన్నారు నాన్న. రెండువైపుల అధికారులూ బల్ల చుట్టూ కూర్చుని, కచేరీ రద్దుచేసి మమ్మల్ని రైలెక్కించేద్దామనే దాకా వచ్చారు.

నాన్న కాఫీ తాగొచ్చి, ఆఖరిసారిగా పాడి చూశారు. కలిసింది! "చూశావా, ముసలాయన దారికొచ్చాడు. పైగా ఈ ఊరి గాలి నా గొంతుకెంత పడిందో!" అని మురిసిపోయారు. అటు పెద్దాయనేమో "మీ నాన్నగారిది పెద్ద మనసు, తగ్గారు" అని దుబాసీ చేత నా చెవిలో చెప్పించాడు. ఇద్దరికీ చెరో దండం పెట్టాను. సాయంత్రం హాలు నిండింది, అధికారులు కౌగిలించుకున్నారు.

వంటింటి కొళాయి కారడం ఆగిందా? చెల్లి నా సైకిలు తొక్కితే తొక్కనీ, గాలి మాత్రం కొట్టించమను. నాన్న మఫ్లరు మరిచారు, నాది చుట్టాను. బామ్మకు నమస్కారాలు. చెల్లికి ఆశీస్సులు, వంగి తీసుకుంటేనే.

ఈ కార్డు నాన్న కంట పడనీకు. ఆయన శ్రుతి చూసుకునేది వెనక నేను మీటే తంబురాలోనే కదా. ఆయన కాఫీకి వెళ్ళినప్పుడు దాని తీగలు కొంచెం సడలించింది నేనే.