మామగారి కోసం పంచదార బీరు

మే 3

ఈరోజు మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన సెప్టెంబర్లో మా ఆయన తైవో పోయాడు. మా సారేమా దీవిలో పెళ్ళికైనా చావుకైనా ఇంటి బీరే. ఆయన్ని సాగనంపే బీరు నేనే కాచాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, జూనిపర్ పొద కొమ్మలు మరిగించిన నీళ్ళు, ఈస్ట్. అంతే. అందులో ఒక్క చెంచా పంచదార వేసి ఉంటే నా చేతులు పడిపోవాలి.

సాగనంపే రోజున మామగారు కారెల్ వంటింట్లో ఖాళీ పంచదార సంచి చూశాడు. ఆపిల్ జామ్ కోసం తెచ్చింది అది. ఒక్క ముక్క అడగలేదు. కొయ్య చెంబు అందుకుని, పెదవికైనా తాకించకుండా, ఊరందరి ముందూ వాకిట్లో కంకర మీద పారబోశాడు. నా కొడుకుని పంచదార నీళ్ళతో సాగనంపుతావా అన్నాడు. పెద్దాయన తాగందే ఎవరూ తాగరు. మర్నాడు పీపా మొత్తం నా చేతులతోనే గుంటలో పోశాను.

అసలు బీరుని పంచదార నీళ్ళన్నాడు కదా. పంచదార బీరుని అసలు బీరని ఆయన నోటితోనే అనిపిస్తాను. అదీ ఊరందరి ముందే. జూన్ 23న, నడివేసవి యాని పండగ రాత్రి మంట దగ్గర.

మే 9

నాలుగు బకెట్లు. ఒకటే బీరు, నాలుగు రకాల తీపి. తెల్ల పంచదార, నల్ల చక్కెర, తేనె, బీట్ దుంపల మడ్డిపాకం మొలాసిస్. ఇంటికి నలుగురు అల్లుళ్ళు ఒకేసారి దిగినట్టుంది. ఒక్కొక్కరికి ఒక్కో మర్యాద చెయ్యాలి.

మే 14

తెల్లది పలచగా తేలిపోయింది, చివర్లో పులిసిన ఆపిల్ వాసన. నల్లది అచ్చం దగ్గుమందు. మొలాసిస్‌ది తుప్పు మేకు నాకినట్టుంది. తేనె బాగుంది కానీ వాసన వీధి చివరిదాకా చాడీ చెప్పేస్తుంది.

అన్నీ ఫెయిల్. కానీ నాకు తొందరేం లేదు.

మే 15

తలనొప్పి. నాలుగూ తాగాను మరి.

మే 20

మిల్వికి తెలిసిపోయింది. మామగారి కూతురు, నా ఆడపడుచు. పంచదార సంచులు చూసి, ఇదేంటొదినా, సారా బట్టీ పెట్టావా అంది. దాచలేదు, అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. స్టూలు మీద కూలబడింది. అన్నయ్య కోసం కాచిన బీరు నాన్న నేలపాలు చేశాడు, నేను మాత్రం మర్చిపోయానా అంది.

పీపా తన పేరున పెడదామంది. నీ చేతిదంటే నాన్న ఆమడ దూరం పారిపోతాడొదినా, నాదంటే కళ్ళు మూసుకుని తాగుతాడు అంది. దాని నాలుక తండ్రి నాలుకే. ప్రతి బకెట్లోంచీ ఒక గుక్క తాగి, ఒక తిట్టు తిట్టి పోయింది.

మే 27

పెరట్లో రూబార్బ్ ఏపుగా వచ్చింది. ఆ పుల్లటి కాడల రసం తీసి తెల్ల పంచదారలో పోసి, సన్న సెగ మీద నలభై నిమిషాలు కాచాను. ముందు తేనె రంగు, ఆ తర్వాత రాగి రంగు, చివరికి రొట్టె పైపెచ్చు రంగు. ఇల్లంతా అప్పుడే కాల్చిన రొట్టె వాసన. అయ్య బాబోయ్! బీరుకి ఉండాల్సిన వాసన అదే. ఆ పాకాన్ని కొత్త బకెట్ బీరులో కలిపాను.

జూన్ 2

మిల్వి తాగింది. ఇంకోసారి తాగింది. తిట్టలేదు. నీ దుంపతెగ, ఇందులో పంచదార ఏదొదినా అంది.

జూన్ 11

మామగారు దారిలో ఎదురయ్యాడు. పండక్కి ఏం కాస్తున్నావమ్మా, బీరా, జామా అని పళ్ళికిలించాడు. జామే మామయ్యా అన్నాను. ఇంటికొచ్చి దిండుని నాలుగు గుద్దాను.

జూన్ 19

ఆ బీరు నింపిన పీపా మిల్వి ఇంటికి చేరింది.

జూన్ 24, మధ్యాహ్నం

అయిపోయింది.

రాత్రి మంట దగ్గర, మిల్వి పీపాలోంచి మామగారు మొదటి చెంబు అందుకున్నాడు. వాసన చూశాడు. తాగాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తాగాడు. ఇదీ బీరంటే, ఇందులో పంచదార గింజ తగిలిందని ఎవడైనా అంటే నా మీసం తీసేస్తా అన్నాడు. నా వైపు చూసి మరీ అన్నాడు.

లేచి నిలబడ్డాను. కాచింది నేను మామయ్యా, మూడో వంతు పంచదారే అన్నాను. అబద్ధం అన్నాడు. మిల్వి, నిజమే నాన్నా అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఊరంతా నవ్వింది. మీసం మీసం అని అరిచారు. ఎనభై రెండేళ్ళ ఆ మనిషి మాట మీదే ఇన్నేళ్ళూ ఊరు చెంబెత్తింది.

ఆయన చెంబులోకి చూస్తూ, మరి వాణ్ణి సాగనంపిన రోజుదో అని అడిగాడు.

ఆ రోజు బీరులో పంచదార గింజ లేదు మామయ్యా అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన చెంబు కింద పెట్టి ఇంటికి నడిచాడు. నాకు హాయిగా ఉంది. ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. పాపమైతే పాపమే.

జూన్ 30

పొద్దున్నే మామగారు గేటు దగ్గర నిలబడ్డాడు. మీసం లేదు. వాడి బీరు ఎలా ఉండేదమ్మా అని అడిగాడు.

చెప్పాను. నురుగు దగ్గర్నుంచి అడుగు దాకా, ఏదీ వదలకుండా, నెమ్మదిగా. ఎంత బాగుందో అంతా చెప్పాను.

ఇంకేమైనా మిగిలిందా అన్నాడు. లేదన్నాను.

మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.