రక్తం తీసిన చేయి

ప్రియమైన అక్కా,

ఫోన్‌లో అయితే ఇద్దరం ఏడుస్తాం, అందుకే ఉత్తరం. ఈ నెల కూడా నా కడుపులో పిండం పెట్టలేదు. ఫ్రీజ్ చేసి దాచింది ఇక ఒక్కటే ఉందని నీకు తెలుసుగా. స్కాన్‌లో గర్భసంచి పొర బాగానే ఉంది. రక్తంలో ఈస్ట్రోజన్ మాత్రం ఉండాల్సినదానికి నాలుగు రెట్లు వచ్చింది. "ఇంత ఉంటే పెట్టి లాభం లేదు, వచ్చే నెల చూద్దాం" అంది డాక్టరమ్మ. పోయిన నెలా ఇదే పాట.

రోజూ పొద్దున్నే గడియారం చూసి మరీ ఈస్ట్రోజన్ జెల్ చేతికి రాసుకుంటున్నా. ఒక్క పూట తప్పలేదు. అయినా నా ఒళ్లు నా మాట వినదు. మీ మరిది "ఇక చాల్లే, నాకు నువ్వుంటే చాలు" అంటున్నాడు. ఆ మాటకి మురిసిపోవాలో మొట్టికాయ వెయ్యాలో తెలియడం లేదు. ఇంకొక్కసారి చూసి మానేస్తాను.

నీ పొట్టిది

ప్రియమైన పొట్టీ,

నీ ఒళ్లుని తిట్టకు. జెల్ ఏ చేతికి రాసుకుంటున్నావు? రక్తం ఏ చేతినుంచి తీస్తున్నారు? మా నీటి పరీక్షల ల్యాబ్‌లో సీసా మూతి లోపల వేలు తగిలితే ఆ నీళ్లు పారబోస్తాం. సీసాలోది ఏదో, వేలి మీది ఏదో ఎవరు చెప్పగలరు? నీ చర్మం మీది జెల్ కూడా సూదితో పాటు రక్తంలో కలుస్తోందేమో. జెల్ తొడకి రాసుకోవచ్చేమో డాక్టరమ్మని అడుగు. మొహమాటపడకు.

అక్క

ప్రియాతిప్రియమైన అక్కా,

జెల్ ఎడమ చేతికే, రక్తమూ ఎడమ చేతినుంచే! కుడిచేతి నరం దొరకదని నర్సు ఎప్పుడూ ఎడమచెయ్యే పట్టుకునేది. జెల్ తొడకి మార్చాక అంకె దారికొచ్చింది.

పిండాన్ని కడుపులో పెట్టారు. నిన్న స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాం. మీ మరిది గబుక్కున లేచాడు, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. అంతంత చదువులు చదివినవాళ్లకి తట్టనిది నీకెలా తట్టిందే?

నీ పొట్టిది

ప్రియమైన పొట్టీ,

ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మెట్లు మెల్లగా దిగు.

అడిగావు కాబట్టి చెప్తున్నా. ఏడేళ్ల కిందట ట్రైనింగ్ అని మూడు నెలలు వెళ్లాను చూడు, అది అబద్ధం. మాకూ ఒక పిండం ఉండేది. మూడు నెలలూ ఇదే అంకె, ఇదే మాట. విసిగిపోయి, ఆ పిండాన్ని ఇక దాచి ఉంచక్కర్లేదని సంతకం పెట్టేశాను. మీ బావ తొందరపడొద్దని బతిమాలారు. విన్లేదు.

నీ మొదటి ఉత్తరం చదువుతుంటే గుర్తొచ్చింది. నేనూ జెల్ రాసుకున్న చేతినే రక్తానికి చాచేదాన్ని.

నీ మీద కొంచెం ఈర్ష్యగా ఉంది. తిట్టుకోకు, నాలుగు రోజుల్లో పోతుంది. ఆ చేతి సంగతి మీ బావకి ఇంకా చెప్పలేదు. పక్క గదిలో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నారు. ఈ కవరు అంటించి, వెళ్లి చెప్తాను.

అక్క