పసుపు తాగిన పాయ్‌పేటీ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రేడియోలో విని నువ్వు చెప్పిన ఆ ఫ్రాన్సు ఆర్గాన్ వాయిద్యకారుడు పొద్దున్నుంచీ గుర్తొస్తున్నాడు. చూపు సరిగా ఆనకపోయినా ఒకే చర్చిలో ఏళ్ల తరబడి, తను కట్టిన స్వరాలు వాయిస్తూ వాయిస్తూనే పోయాడన్నావు.

"ఆయన కాళ్లతోటి గూడ వాయించెటోడు చెల్లె. దానికి వేరే బూట్లు. అవి బయట తొడగకపోయెటోడు."

బూట్లతో వాద్యాన్ని తొక్కడమేమిటని ముఖం చిట్లించాను. నువ్వు తొక్కి వాయించే హార్మోనియానికీ, అదే నీ పాయ్‌పేటీకీ, దోషం తగులుతుందని, నువ్వు లేచాక పసుపునీళ్ల గుడ్డతో తుడిచేదాన్ని. నువ్వు పోయాక దాని స్వరాల మెట్ల మీదా రోజూ చల్లుతూ వచ్చాను.

ఇవాళ నీ ఏడాది భజనకు బిలోలి నుంచి నాందేడులో మనింటికి నీ శిష్యుడు వచ్చాడు. హార్మోనియం తొక్కితే గాలి బుస్సుమంది గానీ స్వరం పలకలేదు. విప్పి చూశాడు.

"అక్కా, పాయ్‌పేటీ లోపలంత పసుపునీళ్లు తాగి కట్టె ఉబ్బింది. ఎవరు పోసిండ్రు?"

"ఏమో తమ్మీ, వానలకు చెమ్మ పట్టిందేమో."

అతను నా చేతుల వైపు చూసి, పేటీ మూసేశాడు. భజన తాళాలు అందుకున్నాడు. నేను పసుపంటి పచ్చబడ్డ గోళ్లు కొంగులో దాచుకుని, అందరికంటే గట్టిగా పాడాను.

నీ చెల్లె