ఆరూ చల్లగానే తగిలాయి

ధర్మపురి, 12 జూన్ 1957, బుధవారం

పొద్దున డ్రైవర్ మల్లయ్య లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది. ఆరు సిలిండర్లలో ఏదో ఒకటి మండడం లేదు. కాసేపు నడిపి ఆపి, ఎప్పటిలాగే ఒక్కో సిలిండర్ పొగగొట్టాన్ని వేలితో తాకి చూశాను. మండనిది చల్లగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ వేలు తప్పు చెప్పలేదు.

ఈరోజు ఆరూ చల్లగానే తగిలాయి. వేడెక్కలేదేమోనని మళ్లీ నడిపించాను. మళ్లీ అంతే. ఏదో ఒకటి చెప్పాలని మూడోది అనేసి దాని ప్లగ్గు మార్చాను. మిస్సింగ్ పోలేదు. మల్లయ్య విసుగుతో తనే మూడోదాన్ని తాకి, చటుక్కున చెయ్యి గుంజుకున్నాడు. మిగతావీ ఒక్కోటి తాకి చూశాడు.

"గిదెక్కడ సల్లగున్నది మిస్త్రీ? చెయ్యి కాలింది! సల్లగున్నది అయిదోది."

అయిదోదానికి కొత్త ప్లగ్గు వెయ్యగానే బండి బాగైంది. పరధ్యానంలో ఉన్నానని నవ్వేశాను. చేతులు కడుక్కుంటుంటే చూపుడు వేలి కొనన బొబ్బ కనిపించింది. ఎప్పుడు కాలిందో తెలియదు.

ఎండాకాలం నుంచి మోచేతి మీదున్న పాలిపోయిన మచ్చను చెమటకు వచ్చిన శోభి అనుకున్నాను. మా మేనమామకు పెద్దరోగం, ఆ కుష్టు, ఇలాగే మొదలైంది. ఆయన్ని ఊరి బయట గుడిసెలో ఉంచారు. అన్నం గిన్నె దూరంగా పెట్టి పరుగెత్తుకొచ్చింది నేనే. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు...

ఇందాక నా భార్య లక్ష్మి బొబ్బ చూసి గాబరాపడి, పక్కన కూర్చుని వెన్న రాసింది. ఆమె వేలు తగిలినట్టే తెలియలేదు.

"మస్తు మండుతున్నదా?" అని అడిగింది.

"మస్తు మండుతున్నది. జర మెల్లగ రాయి" అన్నాను.