ఫ్రిజ్ పక్క అడుగు

జూన్ 3, ఉదయం 7:30

నైట్ డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. ల్యాబ్‌లో రాత్రంతా శాంపిల్సే. ఒళ్లు హూనమైంది. పడుకుందామంటే టైక్వాండో పరీక్ష నెత్తి మీదుంది. బ్లాక్ బెల్టు వస్తే ఉదయం ఆడవాళ్ల బ్యాచ్ నాకే అప్పగిస్తానని మాస్టర్‌గారు మాటిచ్చారు. ఈ డ్యూటీకో దండం పెట్టేయొచ్చు. బెల్టు మీద నాకు మోజేం లేదు. రాత్రిళ్లు నిద్రపోవాలని ఉంది, అంతే.

జూన్ 5

క్లాసులో బంధుత్వాలు చెల్లవు. బెల్టుదే పెద్దరికం. మా అమ్మాయి నాకంటే చాలా ముందు చేరింది, ఎప్పుడో బ్లాక్ బెల్టు కొట్టేసింది. ఇప్పుడు మాస్టర్‌గారి అసిస్టెంట్. అక్కడ నేను దానికి వంగి నమస్కరించాలి, మీరు అనాలి. ఇంటికొచ్చాక సాక్సులెక్కడున్నాయో కూడా నన్నే అడుగుతుంది. మా ఆయనకి ఇదంతా పెద్ద వినోదం.

జూన్ 9

పరీక్షలో పూమ్సే చెయ్యాలి. అంటే ఎదురుగా ఎవరూ లేకుండా, ఒక వరసలో చేసే యుద్ధం. వరస తప్పకూడదు. ఎక్కడ మొదలుపెట్టామో చివరికి అక్కడికే వచ్చి నిలబడాలి. అదే పెద్ద తంటా.

సోఫా జరిపి హాల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. రెండో మలుపులో ఫ్రిజ్ అడ్డం. అక్కడ అడుగు కుదించి వేస్తున్నాను. అమ్మాయి చూసి, అదే అలవాటైపోతుంది, క్లాసుకి ముందొచ్చి చెయ్యమంది. చెప్పడం తేలికే, రాత్రంతా నిలబడొచ్చి నువ్వు చెయ్యి చూద్దాం అన్నాను. మొహం ముడుచుకుని వెళ్లిపోయింది.

జూన్ 13

మోకాలు సలుపుతోంది. నిద్ర లేదు.

జూన్ 16, సాయంత్రం

పోయింది.

పరీక్షలో వరస ఒక్కటీ తప్పలేదు. దెబ్బతో పాటు పెట్టాల్సిన కేకలు కూడా గట్టిగానే పెట్టాను. రెండో మలుపులో కాలు దానంతటదే కుదించుకుంది. అంత పెద్ద హాల్లో, లేని ఫ్రిజ్‌ని తప్పించుకున్నాను. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

నేను మొదలుపెట్టిన చోట నేల మీద అంటించిన టేపు గుర్తు దగ్గర మాస్టర్‌గారు అమ్మాయిని నిలబెట్టారు. గుర్తు మీదకి వచ్చినట్టేనా అని దాన్ని అడిగారు. కాస్త అటూ ఇటూ అయినా చూసీచూడనట్టు పోదామన్న ధోరణే ఆయనది. నేను అమ్మాయి కళ్లలోకి చూశాను. సిగ్గు విడిచి బతిమాలినట్టే చూశాను.

"రాలేదు సార్. ఇంకా అడుగు దూరం ఉంది," అంది.

మళ్లీ పరీక్ష ఆర్నెల్ల తర్వాత. అన్నాళ్లూ ఈ రాత్రుళ్లే. దానికి వంగి నమస్కరించి బయటికొచ్చాను. కళ్లనీళ్లు బస్సెక్కేదాకా ఆగాయి.

జూన్ 17

దానితో మాటల్లేవు. వంట అదే చేసింది. ఆకలి లేదన్నాను, గోడకి. మా ఆయన అటూ ఇటూ కబుర్లు మోస్తూ ఇద్దరి చేతా చీవాట్లు తింటున్నాడు.

జూన్ 20, ఉదయం

అది చెప్పింది నిజమే. దాని చోట నేనుంటే వచ్చారనే చెప్పేదాన్ని. ఈ ముక్క దానికి చెప్పాలి. ఇవాళ ఓపిక లేదు.