బండి వణుకు

ఎర్మెక్, షోర్పో పులుసు పొయ్యి మీదుంది, వేడిచేసుకుని తిను. నేను ఆస్పత్రికి వెళ్తున్నా.

ఇంజిను కింద నువ్వు బిగించిన గట్టి రబ్బరు దిమ్మలు విప్పకు. మెత్తవైతే అదురును మింగేస్తాయి, పాతవే పెట్టమని మొన్న పోరింది నేనే. గేరు చురుగ్గా పడుతుందని నీ సరదా, ఆగినచోటల్లా సీటు దడదడలాడుతుందని నా గోల.

నిన్న అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తూ బిష్కెక్‌లో ఎర్రలైటు దగ్గర ఆగాను. అమ్మ తన చేతుల వంక చూసుకుని, "ఈ వణుకు నాదా, బండిదా?" అంది.

"బండిదే అమ్మా, నీ కొడుకు నిర్వాకం" అన్నాను. ఎన్నాళ్ళకో నవ్వింది.

ఇక మందులు పనిచెయ్యవన్నారు డాక్టరు. రేపు ఇంటికి తెచ్చేద్దాం. నువ్వే నడుపు. ఎక్కడ ఆగినా ఇంజిను ఆపకు.

అక్క

అమ్మ దారంతా నిన్ను తిడుతుంది. తిట్టనీ.