లోయ మాట

రోజమ్మా,

నీకు చదవడం రాదు, నాకు నమ్మడం రాదు. అయినా నువ్వు పోయేదాకా నలభై ఏళ్లు రోజూ పొద్దున నీకు బైబిల్లోంచి కీర్తన చదివి పెట్టింది నేనే. సారం ఊళ్లోని మన కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చింపిన కాగితంలో వార్త సగమే ఉండేది. మధ్యలో వదిలెయ్యడం అలా అలవాటయింది. కాఫీ చల్లారుతుందని నేను రెండు వాక్యాలు మింగితే, నువ్వు నా మోకాలి మీద తట్టేదానివి.

మాటల్లో పడి ఎక్కడికో పోయాను. ఇవాళ మన స్టెల్లాకు కదిర్కామం ఆసుపత్రిలో గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లే ముందు అడిగింది: "అమ్మకు చదివినట్టు చదువు నాయనా."

నీ పుస్తకం తీసి, నీకిష్టమైన గొర్రెల కాపరి కీర్తన మొదలుపెట్టాను. చావు నీడ పడిన లోయ గురించిన మాట రాగానే దాటేశాను.

స్టెల్లా కళ్లు మూసుకునే అంది: "లోయ మాట మింగినావు నాయనా."

"ఈపొద్దు అది ఎందుకులేమ్మా."

"ఈపొద్దుకే గదా అది. ఆడ గూడా దేవుడు తోడుంటాడని చెప్పేది ఆ మాటే. అది తీసేస్తే ఇంకేముంది?"

చదివాను. అది నవ్వుకుంటూనే లోపలికి వెళ్లింది.

బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. తలుపు ఇంకా తెరవలేదు. నమ్మకం వచ్చిందా అని అడుగుతావు. తెలియదు. కానీ ఇందాక ఎవరూ అడక్కుండానే మళ్లీ మొదటినుంచి చదివాను, ఒక్క మాటా మింగకుండా.